మెలకువకు సాక్షి

బుల్లియ్య కాపలాలో నిద్రపోయాడని ముందుగా చెప్పింది మనిషి కాదు, ఫోను. ఆ మాట మరిడమ్మ తన చెవులతోనే వింది. మంగళవారం పొద్దున్న మొగుడికి చద్దన్నం క్యారేజీ పట్టుకుని రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లేసరికి, నాలుగో నంబరు చెరువు గట్టు పొడవునా రొయ్యలు చచ్చి తేలి ఉన్నాయి. మేత షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో చెరువుల యజమాని శివరామకృష్ణ గారు కూర్చున్నారు. ఆయన ఎదుట బుల్లియ్య భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, లెక్క తప్పిన బడిపిల్లాడిలా తలొంచుకుని ఉన్నాడు.

"ఒంటిగంట పది నుంచి నాలుగున్నర దాకా గాఢనిద్ర అని ఇందులో ఉంది. నువ్వేమో పడుకోలేదంటావు. ఎవరి మాట నమ్మమంటావు?" అన్నారు శివరామకృష్ణ గారు ఫోను అతని వైపు తిప్పి.

"నేను పడుకోలేదండి," అన్నాడు బుల్లియ్య. అంతకుముందూ అదే అన్నాడు, ఆ తర్వాతా అదే అన్నాడు. తనని అనుమానిస్తున్నారని తెలిస్తే నోరు పెగలని మనిషి. నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న మరిడమ్మకి ఆ సంగతి తెలుసు. కుర్చీలో కూర్చున్నాయనకి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

అప్పుడు కుర్చీ వెనక నిలబడ్డ సూపర్వైజరు అశోక్ గొంతు సవరించుకున్నాడు. "రెండింటికి నేను కూడా వచ్చి చూశానండి. గట్టు మీద కళ్లు మూసుకుని ఉన్నాడు బాబాయ్."

దాంతో అయిపోయింది. రేపటి నుంచి రానక్కర్లేదని శివరామకృష్ణ గారు కేకలు వేయకుండానే చెప్పారు. కేకలు వేసినా బాగుండేదని మరిడమ్మకి అనిపించింది, ఎందుకంటే కేకలకి ఎదురు కేకలు ఆమె దగ్గర బోలెడున్నాయి. పెద్దాపురం వైపు పుట్టి అక్కడి అమ్మవారి పేరే పెట్టుకున్న మనిషి, నరసాపురం సంతలో ముప్ఫై ఏళ్లు చేపలు అమ్మిన మనిషి. ఆ రోజు మాత్రం క్యారేజీ చేత్తో పట్టుకుని అశోక్ మొహాన్ని బాగా చూసుకుంది. ఫోను అబద్ధం చెప్పిందంటే సరే, దానికి తల్లీ తండ్రీ లేరు. వీడు మాత్రం ఆమె చేతి చేపల పులుసు తిని, పిన్నీ అని పిలిచినవాడు.

నిద్రని లెక్కగట్టే ఆ బ్యాండులు వచ్చి రెండు నెలలైంది. రాజమహేంద్రవరం నుంచి తెప్పించి, ఆరుగురు కాపలావాళ్లకీ అశోక్‌కీ శివరామకృష్ణ గారు స్వయంగా చేతికి పెట్టారు. పొద్దున్నే అశోక్ ఫోను పట్టుకుని దగ్గరికి వస్తే చాలు, రాత్రి ఎవరు ఎంతసేపు పడుకున్నారో దానంతట అదే ఫోనులోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి అయ్యగారి ఫోనుకి వెళ్తుంది. ఆయన ఇడ్లీ తింటూ చూసుకుంటారు.

బుల్లియ్య కాపలా కాసే పద్ధతి ఆ బ్యాండుకి అర్థమయ్యేది కాదు. గోదావరి మీద పులస వేటకి వెళ్లే రోజుల్లో అతను వల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, పడవ అంచున గంటలు గంటలు కదలకుండా కూర్చునేవాడు. కళ్లు తెరిస్తే నీటి మీది మెరుపు మనసుని లాగేస్తుందని కళ్లు మూసుకునేవాడు. చేప వలని తాకిందీ లేనిదీ వేలే చెప్పేది. చెరువు దగ్గరా అంతే. గాలి చిలికే ఏరియేటర్లు నాలుగింటినీ గట్టుకి కట్టిన తాళ్లకి ఒక నైలాన్ దారం కలిపి, ఆ దారం కొస వేలికి చుట్టుకునేవాడు. ఏ మోటారు ఆగినా దారంలో వణుకు మారిపోతుంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అతని చెరువులో మోటారు ఆగి రొయ్య చచ్చింది లేదు. ఆ సోమవారం రాత్రీ మోటార్లు ఆగలేదు. నాలుగు రోజులు ముసురు పట్టి, నీళ్లలో పచ్చనాచు చచ్చి, గాలి చాలక రొయ్యలు పోయాయి. అలా ఆ వారం చుట్టుపక్కల మరో రెండు చెరువుల్లోనూ పోయాయి. కానీ మబ్బుని ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు కదా.

బుధవారం నాటికి ఆ మాట కాలవకి అటూ ఇటూ పాకింది. పక్క చెరువుల రైతు గంగరాజు దగ్గర కాపలా మనిషి కావాలంటే మరిడమ్మ తనే వెళ్లి అడిగింది. గంగరాజు మంచివాడే, నవ్వుతూనే చెప్పాడు, నిద్రపోయే కాపలాకైతే తన బామ్మర్ది ఉన్నాడని. ఆమె చేపల తట్ట ఎత్తుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి కత్తిపీట ముందేసుకుని, గొరకలకి బూడిద రాసి పొలుసు తీసింది. కోపం వస్తే మరిడమ్మ ఏడవదు, చేప తోముతుంది. ఆ రోజు చేపలు తోలు ఊడేలా తోమింది.

పని పోతే పని దొరుకుతుంది, దాని గురించి ఆమెకి బెంగ లేదు. బెంగల్లా బుల్లియ్య గురించే. అతను అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకుంటున్నాడు. ఆ దిక్కుమాలిన బ్యాండు ఇంకా చేతికే ఉంది, తీసుకోవడం ఎవరికీ గుర్తు రాలేదు, విప్పాలని ఇతనికీ తోచలేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి, తగ్గు గొంతుతో చెప్పాడు, ఆ రాత్రి అశోక్ రావడం తను చూశానని. కల్వర్టు దగ్గరే ఇంజను ఆపేసి బండి తోసుకుంటూ వచ్చాడట. రెయిన్‌కోటు విప్పి, మేత బస్తా మీద పరుచుకుని, అరగంట కూర్చున్నాడట. బండి ఆగిన చప్పుడుకి బుల్లియ్య రెప్పల సందులోంచి చూశాడు. దొంగచాటుగా పరీక్ష చెయ్యడానికి వచ్చినవాడికి చెయ్యి ఊపడమేంటని పౌరుషం వచ్చి, కదలకుండా అలాగే ఉండిపోయాడు.

"ఆ మాట అయ్యగారికి ఎందుకు చెప్పలేదయ్యా?" అంది మరిడమ్మ.

"వచ్చానని వాడు ముందే అన్నాడు కదా. విన్న మాటకే కథ అల్లానంటారు." బుల్లియ్య మణికట్టు కేసి చూసుకున్నాడు. "అయినా నేను నిజంగా చూశానంటావా? మిషను నేను పడుకున్నానంటోంది. వాడూ అదే అంటున్నాడు. కల కన్నానేమో మరిడీ. పెద్దాణ్ణయిపోయాను. అయ్యగారి దగ్గరికెళ్లి, పడుకున్నాను క్షమించండి అనేస్తే ఈ గోల వదిలిపోతుంది."

తిట్టినా పడొచ్చు, తరిమేసినా పడొచ్చు. మెలకువగా ఉన్న మనిషి చేత నేను పడుకున్నానేమో అనిపించారే, అది మరిడమ్మ సహించలేకపోయింది. అతని చెయ్యి లాక్కుని బ్యాండు విప్పేసింది. ఆ వస్తువు తన ఇంట్లో దేనికీ తగలకూడదని, వసారాలో దూలానికి ముగ్గడానికి వేలాడదీసిన చక్కెరకేళి గెల కాడకి తగిలించి బిగించేసింది. కాడ మనిషి మణికట్టంత ఉంటుంది, చక్కగా పట్టింది. ఆ రాత్రి బుల్లియ్య తెల్లవార్లూ పెరట్లో తిరుగుతూనే ఉన్నాడు. ఆమె పడుకుని ఆ అడుగులు వింటూనే ఉంది.

గురువారం పొద్దున్న అశోక్ వచ్చాడు. బండి దిగకుండా వసారా ముందే ఆగి, అయ్యగారు బ్యాండు తెమ్మన్నారని చెప్పాడు. బుల్లియ్య అప్పటికే కాలవ వైపు వెళ్లిపోయాడు. మరిడమ్మ నోరు తెరవబోయేంతలో అశోక్ ఫోను టింగుమంది. వాడు దాని వైపు చూసి మొహం కాస్త మెత్తబరుచుకున్నాడు.

"పోనీలే పిన్నీ, రాత్రి బాబాయ్ హాయిగా పడుకున్నాడు. ఏడు గంటల పది నిమిషాలు. గాఢనిద్రే రెండు గంటలుంది. ఇలా రెస్టు తీసుకోనీ."

మరిడమ్మ తలెత్తి గెల కేసి చూడలేదు. చూస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ఆమెకే తెలియదు. అరటి గెలకి గుండె ఉందట, నిద్ర ఉందట, ఆ నిద్రలో గాఢనిద్ర కూడానట. ఇది చెప్పిన సాక్ష్యానికి తన మొగుడి నాలుగేళ్ల కాపలా బుగ్గైపోయింది. అప్పటికప్పుడు గెల చూపించి వీణ్ణి వీధిలో నిలబెట్టొచ్చు. కానీ వీధిలో ఎవరున్నారు? రెండు కోళ్లు, ఒక కుక్క. ఆమెకి అంత తక్కువ పగ సరిపోదు.

"లోపల పడుకున్నాడు, చేతికే ఉంది. ఆదివారం నేనే తెచ్చిస్తాను," అంది చాలా మర్యాదగా. ఆదివారం శివరామకృష్ణ గారి షెడ్డులో రొయ్యల రైతులందరినీ పిలిచి, రాజమహేంద్రవరం నుంచి వచ్చే బ్యాండుల మనిషి చేత వాటి గురించి చెప్పిస్తారని ఊరంతా తెలుసు. అశోక్ తలూపి వెళ్లిపోయాడు. ఆ మూడు రోజులూ మరిడమ్మ గెలని పసిపిల్లని చూసినట్టు చూసుకుంది. గాలికి ఊగకుండా గుంజకి తాడు కట్టింది. ఒక అత్తం పళ్లు పండితే కొయ్యనివ్వలేదు. బుల్లియ్యకి ఒక్క ముక్క చెప్పలేదు, చెబితే వద్దంటాడని ఆమెకి తెలుసు. చేపలు అమ్ముతున్నా, అన్నం వండుతున్నా, ఆదివారం అశోక్ మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూనే ఉంది. అంత సుఖంగా ఆమె ఈ మధ్య దేన్నీ తలుచుకోలేదు.

ఆదివారం షెడ్డులో ఇరవై మంది దాకా రైతులున్నారు. పెసరట్టు ఉప్మా తిని చేతులు కడుక్కుంటున్నారు. బ్యాండుల మనిషి ప్రసన్నకుమార్ ఇస్త్రీ చొక్కాతో నిలబడి, కాపలావాడు కునుకు తీస్తే యజమానికి ఎలా తెలిసిపోతుందో వివరిస్తున్నాడు. మరిడమ్మ నెత్తిన తట్టతో లోపలికొచ్చి, తడి గోనె కప్పిన ఆ తట్టని అందరి మధ్యా దించింది.

చేపలు ఇవాళ వద్దన్నారు శివరామకృష్ణ గారు. చేపలు కాదని, బ్యాండు ఇవ్వడానికి వచ్చానని, ఇచ్చే ముందు తన మొగుడు ఈ నాలుగు రాత్రులూ ఎలా పడుకున్నాడో అందరి ముందూ ఒకసారి చదివించమని ఆమె చేతులు జోడించి అడిగింది. ఆయనకి అది మంచి అవకాశంగానే కనిపించినట్టుంది. అశోక్‌ని చదవమన్నారు. వాడు ఫోను తీసి చదివాడు. బుధవారం ఏడు గంటల పది నిమిషాలు. గురువారం ఆరూ యాభై. శుక్రవారం ఏడున్నర. నిన్న రాత్రి ఏడూ ఇరవై. గుండె నిమిషానికి యాభై ఎనిమిది.

"చూశారాండీ, బాధ్యత లేని మనిషి ఎంత ప్రశాంతంగా పడుకుంటాడో," అన్నాడు ప్రసన్నకుమార్ ఉత్సాహంగా.

మరిడమ్మ గోనె తీసింది. పై రెండత్తాలు పసుపు తిరిగిన చక్కెరకేళి గెల, కాడకి నల్లటి బ్యాండు, దాని వెనక పచ్చగా మినుకు మినుకుమంటున్న దీపం.

"పడుకున్నది ఇదండి. దీన్ని కూడా పనిలోంచి తీసేస్తారా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గంగరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు, అతని వెనక షెడ్డంతా నవ్వింది. ప్రసన్నకుమార్ మొహం ఎర్రబడింది. బ్యాండుకి నిద్ర తెలియదనీ, కదలికనీ నాడినీ చూసి అంచనా కడుతుందనీ, చర్మం లేని చోట కూడా వెలుగు తిరిగొస్తే నాడి అనుకుంటుందనీ, మెలకువగా కదలకుండా కూర్చున్నవాణ్ణి పడుకున్నాడనే అంటుందనీ, ఆ హెచ్చరిక పెట్టె మీదే చిన్నక్షరాల్లో ఉంటుందనీ నీళ్లు నములుతూ చెప్పాడు. పెట్టె ఎవరు చదివారని ఎవరో వెనక నుంచి అడిగారు.

శివరామకృష్ణ గారు అందరి కంటే ఆలస్యంగా నవ్వారు, అందరి కంటే ముందు ఆపేశారు. నలుగురిలో పరువు పోయింది, అది ఎవరి నెత్తినో ఒకరి నెత్తిన పెట్టాలి. ఆయన కళ్లు వెతుక్కుని అశోక్ దగ్గర ఆగాయి. ఇది తప్పు చెప్పదని రోజూ తనకి చెప్పింది వాడేనన్నారు. రెండింటికి చెరువు దగ్గరికి వచ్చానన్నావే, నీ బ్యాండు ఏమంటోందో అది కూడా చదవమన్నారు. అశోక్ చదవలేదు. ఆయనే ఫోను లాక్కుని చదివారు. సోమవారం రాత్రి పదీ యాభై నుంచి పొద్దున్న ఐదూ నలభై దాకా అశోక్ పడుకునే ఉన్నాడు.

"ఇంట్లో పడుకుని నాకు కథలు చెప్పావా?"

"వచ్చానండి. కల్వర్టు దగ్గర ఇంజను ఆపేసి బండి తోసుకుంటూ వచ్చాను. రెండు చేతులూ హ్యాండిల్ మీదుంటే ఇది అడుగులు పట్టదండి. రెయిన్‌కోటు బస్తా మీద పరుచుకుని అరగంట కూర్చున్నాను." వాడు ఏడుపు మొహంతో చుట్టూ చూసి, చివరికి ఆమె వైపు తిరిగాడు. "పిన్నీ, బాబాయ్ ఏమైనా చెప్పాడా? నేను రావడం చూశానని ఏమైనా అన్నాడా?"

కల్వర్టు, తోసుకొచ్చిన బండి, పరిచిన రెయిన్‌కోటు, అన్నీ బుల్లియ్య చెప్పినవే. అక్షరం పొల్లు పోలేదు. అతను కల కనలేదు. ఆ మాట ఇప్పుడు ఇక్కడ చెబితే బుల్లియ్య మెలకువగా ఉన్నాడని ఇరవై మందికీ రుజువైపోతుంది. దాంతోపాటు వీడు కూడా బతికిపోతాడు. మంగళవారం నుంచి ఆమె నంజుకుని తింటున్న పగ, నోటి దాకా వచ్చిన పగ, చేజారిపోతుంది. ఆమె ఆలోచించింది రెప్పపాటే.

"ఆ రాత్రి ఎవరూ రాలేదన్నాడండి," అంది.

అశోక్‌ని రేపటి నుంచి రానక్కర్లేదన్నారు శివరామకృష్ణ గారు, మళ్లీ కేకలు వేయకుండానే. బుల్లియ్యని రేపే పనిలోకి రమ్మన్నారు. ఆమె బయటికి వస్తుంటే గంగరాజు కళ్లు తుడుచుకుంటూ, మీ ఆయన పడుకున్నాడో లేదో దేవుడికెరుక గానీ నీ గెల మాత్రం బాగా పడుకుంది మరిడమ్మా అన్నాడు. ఆ మాట చివుక్కుమనిపించినా, గెలిచిన వేడిలో ఆమె పట్టించుకోలేదు.

బుల్లియ్య వసారాలో పాత వల కన్నాలు కుట్టుకుంటున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గెల మాయమైన సంగతి మొదలుకుని అంతా చెప్పింది. ప్రసన్నకుమార్ నీళ్లు నమలడం అభినయించి చూపించింది. బుల్లియ్య ఐదు రోజుల తర్వాత నవ్వాడు, పళ్లు కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ఇంకా హుషారొచ్చింది. అశోక్ ఏడుపు గొంతుతో, బండి తోసుకొచ్చానండి, రెయిన్‌కోటు పరుచుకున్నానండి అని సాగదీసి చెప్పింది.

వల కుట్టే కర్ర ఆగిపోయింది.

"రెయిన్‌కోటు సంగతి వాడే చెప్పాడా? నువ్వు అనకముందే?"

"వాడే చెప్పాడు."

"అయితే నేను పడుకోలేదు," అన్నాడు బుల్లియ్య నెమ్మదిగా. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశాను. నిజంగానే చూశాను. మరి నువ్వేమన్నావు?"

చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు ఇందాకంత గట్టిగా రాలేదు. బుల్లియ్య కోప్పడితే ఆమె దగ్గర జవాబులున్నాయి. అతను కోప్పడలేదు.

"నేను మెలకువగా ఉన్నానని చెప్పడానికి ఈ భూమ్మీద ఉన్నది వాడొక్కడే మరిడీ. వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ఇద్దర్నీ కలిపి నిద్రపుచ్చేసి వచ్చావు."

"కళ్లు మూసుకున్నావని నీ మీద చెప్పినవాడయ్యా వాడు."

"మూసుకునే ఉన్నాను కదా. కనబడింది చెప్పాడు." అతను వల పక్కకి నెట్టి, చిలక్కొయ్యకున్న చొక్కా తీసుకున్నాడు. "గెలది అబద్ధమని తేల్చావు. నాది నిజమని ఎవరు తేలుస్తారు? రేపు నేను పనిలోకెళ్తే, అరటిపళ్ల పుణ్యాన వచ్చాడంటారు."

గంగరాజు అన్నదీ అదే. మరిడమ్మకి అప్పుడు ఆ మాట సరిగ్గా గుచ్చుకుంది. ఎవరి పరువు కోసం ఇంత చేసిందో ఆ పరువు చేతికందేంత దగ్గరికి వస్తే, దాన్ని కాదని, అశోక్ కన్నీళ్లు ఏరుకుని వచ్చింది. లేచి చేతులు కడుక్కుంది.

"నువ్వెళ్తే మళ్లీ పడుకోలేదండి అని నిలబడతావు. నడు, నేను చెప్తాను. వాణ్ణి క్షమించమని మాత్రం అడగను."

షెడ్డులో ఇంకా పది మంది ఉన్నారు. అశోక్ తాళాల గుత్తి అప్పజెబుతున్నాడు. మరిడమ్మ ఎవరి మొహమూ చూడకుండా, బల్ల మీది మంచినీళ్ల జగ్గు కేసి చూస్తూ, ఇందాక తను అబద్ధం చెప్పానని, అశోక్ రావడం తన మొగుడు చూశాడని, బండి ఎక్కడ ఆపాడో ఎక్కడ కూర్చున్నాడో బుధవారమే తనకి చెప్పాడని ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతుంటే చెవులు మండిపోయాయి. గంగరాజు నవ్వడం మానేసి బుల్లియ్య కేసి చూశాడు. ఇందాకటి చూపు కాదది. భుజం మీది కండువా సర్దుకున్నాడు.

శివరామకృష్ణ గారు మాత్రం విసుగ్గా చెయ్యి ఊపారు. "ఎవరు పడుకుంటే ఏంటిప్పుడు, ఎవరు లేస్తే ఏంటి. ఇద్దరూ రేపు రండి. ప్రసన్నకుమార్ కొత్త రకం బ్యాండులు పంపిస్తానన్నాడు, ఇంతకంటే ఖరీదైనవి. అవైతే తప్పు చెప్పవు."

బుల్లియ్య తువ్వాలు భుజం మీదే ఉంచుకున్నాడు.

"నేను రానండి," అన్నాడు. "నా చేతికి ఇంకేదీ కట్టించుకోను. మనిషి మాట చాలనుకునే రైతు ఎవరైనా ఉంటే వాళ్ల గట్టు మీద కూర్చుంటాను."

బయట అశోక్ బండి తీశాడు. కొంచెం దూరం తోసుకుంటూ వాళ్ల వెనకే వచ్చి, ఎక్కు బాబాయ్, ఇంటి దగ్గర దింపుతాను అన్నాడు. బుల్లియ్య ఎక్కి, వాడి భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. ఇద్దరూ ఆమె కోసం ఆగి చూశారు. మరిడమ్మ ఎక్కలేదు, నడిచే వస్తానంది. ఆమె కోపం పిసరంత కూడా తగ్గలేదు. షెడ్డు లోపల శివరామకృష్ణ గారు కూర్చున్న ఆ ప్లాస్టిక్ కుర్చీ కేసి ఒకసారి వెనక్కి తిరిగి బాగా చూసుకుని, అప్పుడు ఇంటి దారి పట్టింది.